గోడ మీది ఎనిమిదో కాగితం

సీతామహాలక్ష్మి ముఖం మీకు తెలిసే ఉంటుంది. పేరు తెలియదు, అంతే. పెళ్లి సీనులో వెనక వరసలో నిలబడి అక్షతలు వేసే ముత్తైదువ, ఆసుపత్రి సీనులో కొంగు నోట్లో కుక్కుకుని బెంచీ మీద కూర్చునే ఆవిడ, విలన్ జీపు దూసుకొస్తుంటే కూరగాయల బుట్ట వదిలేసి పరుగెత్తే ఆడమనిషి, అందరూ ఆవిడే. తణుకు నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి కృష్ణానగర్‌లో దిగినప్పుడు వయసులో ఉన్న పిల్ల. ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. ఇన్నేళ్లలో ఒక్క డైలాగు కూడా ఆవిడ వాటాకి రాలేదు. రాలేదని ఆవిడ ఏడవనూ లేదు. "డైలాగంటే భయమండీ. గుంపులో ఉంటే ధైర్యంగా ఉంటుంది," అంటుంది ఎవరైనా అడిగితే.

గుంపులో ఉండటమంటే ఊరికే నిలబడటం అనుకుంటారు చాలామంది. అనుకోవడానికేం, వాళ్ల సొమ్మేం పోయింది! డైరెక్టరు "యాక్షన్" అని అరిచే కేక గుంపు కోసం కాదు. గుంపు చూడవలసింది కెమెరాకి అందకుండా పక్కన నిలబడ్డ ఏజెంటు చేతిని. ఆ చెయ్యి లేస్తే జై కొట్టాలి. పక్కకి ఊగితే పరుగెత్తాలి. ఆ చేతులు జేబుల్లోకి వెళ్లాయంటే ఊపిరి తీసినట్టు కూడా కనబడకూడదు. ఒక్కరు తొందరపడి ముందు చెయ్యెత్తినా షాటు పాడైపోతుంది. "ఎవరమ్మా ఆ మహాతల్లి?" అని మైకులో తిట్టు వినబడుతుంది, యూనిట్టంతా తిరిగి చూస్తుంది, తల కొట్టేసినట్టవుతుంది. మర్నాటి నుంచి పిలుపు రాదు. మహాలక్ష్మి వల్ల ఇంతవరకూ ఒక్క షాటూ పాడవలేదు. జూనియర్ ఆర్టిస్టుల్ని షూటింగులకు తీసుకెళ్లే ఏజెంటు ఓంప్రకాష్ ఆ సంగతి నలుగురిలో చెప్పుకుంటాడు. "మాలక్ష్మక్క ముందు వరసల ఉన్నదంటే నాకు ఫికరే లేదు. మిగిలినోళ్లంతా ఆమెను చూసి చేసేస్తరు," అంటాడు.

ఇంకొక విద్య కూడా ఆడవాళ్లందరూ నేర్చుకుంటారు. అదేమిటంటే నీళ్లు తాగకుండా ఉండటం. తెల్లవారకముందే కృష్ణానగర్ సెంటర్లో బస్సెక్కాలి. హీరోకి, హీరోయిన్‌కి క్యారవాన్లుంటాయి. అందులో బాత్రూములుంటాయి. గుంపులో వాళ్లకి గుట్ట చాటుంటుంది, లేదంటే అదీ ఉండదు. పైగా మధ్యలో లేచి వెళితే ఉన్న చోట ఇంకొకరు నిలబడతారు, కంటిన్యుటీ పోతుంది, మళ్లీ తిట్లు. అందుకని పొద్దున గొంతు తడుపుకుని బస్సెక్కితే, మళ్లీ గదికి వచ్చాకే చెంబెత్తి తాగడం. మూడు వందల మంది మధ్య, మండుటెండలో, పట్టుచీరలు కట్టుకుని ఇది చేస్తారు. సినిమా చూసేవాళ్లకి ఆ చీరలే కనబడతాయి.

ఈ విద్యలో ఆరితేరింది కౌసల్య. మహాలక్ష్మి గదిలోనే ఉంటుంది. మెదక్ వైపు మనిషి. మొగుడు వదిలేస్తే వచ్చింది, మహాలక్ష్మేమో మొగుడు పోతే వచ్చింది. ఇద్దరూ ఒకే గది అద్దెకు తీసుకుని, ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకళ్ల చీర ఒకళ్లు కట్టుకుని ఇన్నేళ్లు గడిపేశారు. అక్కచెల్లెళ్లయినా అలా ఉండరు, కొట్టుకు చచ్చేవాళ్లు. కౌసల్యకి నోరెక్కువ, నవ్వెక్కువ. ఎండదెబ్బకి గుంపులో సగం మంది కళ్లు తిరిగి పడిపోతుంటే ఆవిడ మాత్రం "ఏందే, గీ మాత్రం ఎండకే?" అని వెక్కిరిస్తూ నిలబడేది.

అలాంటి మనిషికి పోయిన వానాకాలంలో కాళ్లు ఉబ్బాయి. తరువాత ముఖం ఉబ్బింది. అన్నం సహించలేదు. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే పరీక్షలన్నీ చేసి, రెండు కిడ్నీలూ ముడుచుకుపోయాయన్నారు. వారానికి రెండుసార్లు డయాలసిస్ పెట్టారు. అప్పటినుంచి షూటింగులు లేవు, మంచం మీదే ఉంది. మొదటిరోజే కౌసల్య డాక్టరమ్మని నిలదీసింది.

"నాకు షుగర్ లేకపాయె. రాళ్లు లేకపాయె. మరి ఎందుకొచ్చిందమ్మా గీ రోగం?"

"ఏళ్లతరబడి నీళ్లు తాగకుండా, ఒంటేలు ఆపుకుంటూ ఉన్నానంటున్నావు కదా. దానివల్లే కావచ్చు. కచ్చితంగా దానివల్లేనని మాత్రం నేను చెప్పలేను. మీ షూటింగుల్లో ఆడవాళ్లని ఎవరైనా కూర్చోబెట్టి పరీక్షలు చేసి చూస్తేనే కదా తెలిసేది? ఇంతవరకూ ఎవరూ చూడలేదు," అంది ఆ డాక్టరమ్మ. నిజమే చెప్పింది పాపం.

ఆ మాట కౌసల్య మనసులో పాతుకుపోయింది. తన కోసం కాదు. పక్కగదిలో రష్మి అని ఒక పిల్ల ఉంది. డాన్సరు కావాలని సిద్దిపేట నుంచి వచ్చి, ముందుగా గుంపులో చేరింది. వచ్చిన కొత్తల్లో లొకేషన్‌కి నీళ్ల సీసా పట్టుకొచ్చి గటగటా తాగేసి, మధ్యాహ్నానికి కాళ్లు ముడుచుకుని ఏడుస్తూ కూర్చుంటే, ఎలా ఉండాలో చెప్పింది కౌసల్యే. పొద్దున ఏం తినాలి, ఏం తినకూడదు, దాహమేస్తే గుక్క ఎలా పుక్కిలించి ఉమ్మెయ్యాలి, అన్నీ తల్లిలాగా నేర్పింది. ఇప్పుడా పిల్లకి నెలకోసారి చలిజ్వరం, నడుంలో పోటు. అడిగితే "ఏం లేదక్కా, మంచిగనే ఉన్న," అంటుంది. అదే మాట ఒకప్పుడు కౌసల్య కూడా అనేది.

"నాది అయిపోయింది మాలక్ష్మీ. గీ పోరిది కాలేదు గద," అనేది కౌసల్య మంచం మీద నుంచి. "ఎవరన్న డాక్టర్లు గీడికొచ్చి మనోళ్లను సూస్తే బాగుండు. గీ రోగం గిందుకే వస్తున్నదని పేపర్ల రాస్తే, సినిమావాళ్లు సిగ్గుకన్న బాత్రూములు పెడ్తరు."

మహాలక్ష్మి ఏమంటుంది? ఊ కొట్టేది. డాక్టర్లు కృష్ణానగర్ సందుల్లోకి ఎందుకొస్తారు, మనల్ని ఎవడు పట్టించుకుంటాడు అనుకునేది.

వచ్చేట్టే కనబడ్డారు ఒకనాడు. చలికాలంలో ఓంప్రకాష్ ఫోన్ చేశాడు.

"అక్కా, రేపు కాల్. లేడీసే. జూబ్లీహిల్స్‌ల మీటింగు హాలు. బస్తీ గెటప్, నేత చీరలు, మేకప్ బిల్కుల్ వద్దు."

"ఏ సినిమా అన్నా?"

"సినిమా గాదే తల్లీ, అసలు మీటింగే! పెద్ద పెద్ద డాక్టర్లొస్తున్నరు. ఊరు పెరుగుతున్నది గద, రోగాలు గూడ పెరుగుతున్నయ్. ఏ రోగం మీద ముందు పరిశోధన చెయ్యాల్నో జనాన్నే అడుగుతరంట. జనం గావాలె వాళ్లకు. అరవింద్ సార్ అని, మీటింగు చూసేటాయన, మనకు తెలిసిన ప్రొడక్షన్ మేనేజర్ బంధువు. బస్తీలు తిరిగిండంట, పని పోగొట్టుకుని దినమంత కూసునెటందుకు ఎవ్వలొస్తరు? ఆ మేనేజరే నా నంబర్ ఇచ్చిండు."

ఇదేం చోద్యమో చూడండి. వీళ్లు బస్తీ మనుషులు కాదా? ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు, మోరీ పక్కన వంట, రెండ్రోజులకొకసారి నల్లా, అదంతా బస్తీ కాక మరేమిటి? ఆ డాక్టర్లకి కావలసినవాళ్లు అచ్చంగా వీళ్లే. అయినా వీళ్లు వీళ్ల వేషమే వేసుకుని, రోజు పేమెంటు తీసుకుని, గుంపుగా వెళ్లవలసి వచ్చింది.

ఆ సంగతి వినగానే కౌసల్య లేచి కూర్చుంది. ఆ ఉబ్బిన ముఖంలో వెలుగు చూసి ఎన్నాళ్లయిందో.

"సూసినవా! అడుగుతున్నరే! వాళ్లే పిలిచి అడుగుతున్నరు! నువ్వు చెప్పాలె మాలక్ష్మీ. గుంపుల దాక్కోకుండ చెప్పాలె. నాకు మాటియ్యి."

"చెప్తానే బాబూ, చెప్తాను."

"నా మీద ఒట్టెయ్యి."

మహాలక్ష్మి కౌసల్య నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. నిజంగానే చెప్పాలనుకుంది. అందులో ఆవిడ దొంగబుద్ధేమీ లేదు.

హాలు చల్లగా, చలేసేంత చల్లగా ఉంది. కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగారు. గోడ మీద ఏడు పెద్ద కాగితాలు అంటించారు, వాటి మీద లావుపాటి అక్షరాలతో రోగాల పేర్లు. షుగరు ఒకటి, దోమల జ్వరాలొకటి, గాలిలో దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులొకటి, బీపీ, పిల్లల బరువు, ఇలాగ. ముందు వరసల్లో డాక్టర్లు, ఆఫీసర్లు, ఏవో సంఘాల వాళ్లు ఉన్నారు. వెనక వరసలన్నీ మహాలక్ష్మి వాళ్లు. రష్మి కూడా వచ్చింది, మహాలక్ష్మి పక్కన కూర్చుంది. ఓంప్రకాష్ గోడవారగా, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

పెద్ద డాక్టరు పేరు రఘునందన్. వయసైన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "ఏ జబ్బు మీద పరిశోధన జరగాలో ఎక్కడో ఏసీ గదుల్లో కూర్చుని నిర్ణయించే రోజులు పోవాలి. ఈ రోజు నిర్ణయం మీది. ఎక్కువ మంది కోరుకున్న మూడు అంశాల మీద మా వాళ్లు మీ బస్తీలకే వచ్చి, ఇంటింటికీ తిరిగి పని చేస్తారు," అన్నాడు. మాటకి తగ్గ మనసు కూడా ఉంది ఆయన దగ్గర, అబద్ధం చెప్పకూడదు.

టీ ఇచ్చే సమయంలో మహాలక్ష్మి ఒక పిల్ల దగ్గరికి వెళ్లింది. ఆ పిల్ల పేరు హరిణి, రఘునందన్ దగ్గర పరిశోధన చేస్తోంది, మెడలో కార్డు వేలాడుతోంది. చేతిలో మార్కరు ఉంది కాబట్టి ఈమే రాసేదని మహాలక్ష్మి అనుకుంది.

"అమ్మా, గోడ మీద లేనిది కూడా చెప్పొచ్చా అండీ?"

"చెప్పొచ్చండీ! అందుకే కదా ఈ మీటింగు. చెప్పండి."

మహాలక్ష్మి చెప్పింది. ముక్కలు ముక్కలుగా చెప్పింది, కౌసల్య సంగతి చెప్పింది, రష్మి నడుంనొప్పి చెప్పింది, బాత్రూముల సంగతి సిగ్గుపడుతూ చెప్పింది. హరిణి టీ కప్పు పక్కన పెట్టేసి వింది. విని, ఒక కొత్త కాగితం తీసి, దాని మీద "పని చేసే చోట మరుగుదొడ్లు లేక నీళ్లు తాగని ఆడవాళ్ల కిడ్నీ జబ్బులు" అని రాసి, ఏడు కాగితాల పక్కన తనే అంటించింది.

"ఇది చాలా ముఖ్యమైన ప్రశ్నండీ. మీ వాళ్లంతా ఇంతమంది ఉన్నారు కదా, ఓట్లు తప్పకుండా వస్తాయి," అంది నవ్వుతూ.

ఆ కాగితం వంక చూస్తుంటే మహాలక్ష్మికి ఒళ్లంతా తేలికైపోయింది. ఇన్నేళ్లలో తను చెప్పిన మాట ఒకరు రాయడం, నలుగురికి కనబడేట్టు గోడకి అంటించడం అదే మొదలు. ఇంటికెళ్లి కౌసల్యకి ఎలా చెప్పాలో మనసులో అనుకుంటూ కుర్చీలోకి వచ్చి కూర్చుంది.

భోజనాలయ్యాక ఓట్లు పెట్టారు. చీటీలు రాయలేనివాళ్లు ఉంటారని చేతులెత్తమన్నారు. ఒక్కో కాగితం పేరు అరవింద్ మైకులో చదువుతాడు, కావాలనుకున్నవాళ్లు చెయ్యెత్తాలి, హరిణి లెక్కపెడుతుంది.

"షుగరు వ్యాధి," అన్నాడు అరవింద్.

కిటికీ దగ్గర ఓంప్రకాష్ చెయ్యి లేచింది. వెనక వరసల్లో చేతులన్నీ ఒక్కసారి లేచాయి. మహాలక్ష్మి చెయ్యి అందరికంటే ముందు లేచింది. ఆలోచించి ఎత్తింది కాదు. దుమ్ముకీ అంతే, దోమలకీ అంతే. ఓంప్రకాష్ చెయ్యి లేచింది, వీళ్ల చేతులు లేచాయి. బీపీ అన్నప్పుడు అతని చేతులు జేబుల్లో ఉన్నాయి, వెనక వరసల్లో ఈగ వాలిన చప్పుడు కూడా లేదు. ముందు వరసల వాళ్లు కొందరు ఎత్తారు. ఎంత శుభ్రంగా ఓట్లు వేస్తున్నారు వీళ్లు, ఎంత ఐకమత్యం అని ఎవరో ఆఫీసరు పక్కవాడితో మెచ్చుకున్నాడు కూడా.

"ఎనిమిది. నీళ్లు తాగని ఆడవాళ్ల కిడ్నీ జబ్బులు."

మహాలక్ష్మి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఇదే, ఇదే తనది. చెయ్యి ఎత్తాలి. ఎత్తడానికి ముందు, అలవాటుగా, కిటికీ వైపు చూసింది.

ఓంప్రకాష్ చేతులు జేబుల్లో ఉన్నాయి.

ఒళ్లో ఉన్న చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఎత్తకూడదనుకోలేదు ఆవిడ. ఇదిగో, ఇప్పుడు అతని చెయ్యి లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని చూస్తూ కూర్చుంది. తను ముందే ఎత్తితే షాటు పాడైపోతుందని ఇన్నేళ్లుగా ఒంట్లో పట్టేసిన భయం ఒకటుంది చూశారూ, అది ఒట్టునీ మింగేసింది, కౌసల్యనీ మింగేసింది. పక్కన రష్మి చెయ్యి ఎత్తింది. ఈ విద్యలో ఇంకా ముదరలేదు ఆ పిల్ల. ఎత్తి, చుట్టూ చూసింది. వెనకాల ఒక్క చెయ్యి లేదు. మహాలక్ష్మక్క చెయ్యి కూడా లేదు. నాలిక్కరుచుకుని, గబుక్కున దించేసి, ఒళ్లో రెండు చేతులూ నొక్కి పట్టుకుంది.

హరిణి మహాలక్ష్మి వైపే చూస్తోంది. మార్కరు పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉంది. ముందు వరసలో ఒక పెద్దావిడ ఒక్కరే ఎత్తారు. హరిణి ఒకటి అని రాసింది.

చప్పట్లు కొట్టారు. షుగరు, దుమ్ము, దోమలు. గెలిచిన మూడు కాగితాల ముందు డాక్టర్లు నిలబడి ఫోటోలు దిగుతుంటే అప్పుడు తెలివొచ్చింది మహాలక్ష్మికి. జనాన్ని తోసుకుంటూ వెళ్లి రఘునందన్ ముందు చేతులు జోడించింది.

"అయ్యా, బాబూ, ఎనిమిదోది ఇంకొక్కసారి అడగండయ్యా. అది నేను చెప్పిందేనయ్యా. నేను ఎత్తలేదు, మా వాళ్లెవరూ ఎత్తలేదు. ఈసారి ఎత్తుతామయ్యా."

"మీరు చెప్పిందే మీరెందుకు ఎత్తలేదమ్మా?"

ఆయన కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. ఏమని చెబుతుంది?

హరిణి కల్పించుకుంది. "సర్, ఇంకొక్కసారి ఓటింగ్ పెడదాం సర్. ఐదు నిమిషాలు."

"ఒకసారి లెక్క తేలాక మళ్లీ అడిగితే, మనకి కావలసింది మనమే రాబట్టుకున్నట్టు అవుతుంది హరిణీ. జనం మాట మీద మన మాట రుద్దకూడదనే కదా ఇంత తంటా పడింది?" అన్నాడాయన. మహాలక్ష్మి వైపు తిరిగి, "బాధపడకండమ్మా. ఇది మీ వాళ్లందరూ కలిసి తీసుకున్న నిర్ణయమే," అని, భుజం తట్టి వెళ్లిపోయాడు. ఎంత మర్యాదగా అన్నాడో!

తిరుగు వ్యానులో మహాలక్ష్మి ఓంప్రకాష్‌ని పట్టుకుంది.

"ఎనిమిదోదానికి ఎందుకు ఎత్తలేదన్నా? అది మనదే కదా. మన కౌసల్య సంగతే కదా అది."

ఓంప్రకాష్ తెల్లబోయాడు. "అది మనదని నాకేం ఎర్క? ఏవి కావాలె సార్ మీకు అని పొద్దున అరవింద్ సార్‌ని అడిగిన. షుగర్, దుమ్ము, దోమలు, వీటికైతే ఫండ్స్ జల్ది వస్తయ్ అన్నడు. మూడు చెప్పిండు, మూడు లేపిచ్చిన. ఎనిమిదోది మధ్యల వచ్చింది గద, నాకెవ్వలు చెప్పలే." ఆగి, కొంచెం చిరాగ్గా అన్నాడు. "అయినా నీకు గావాలనుకుంటే లేపకపోయినవా అక్కా? నేనేమన్న నీ చెయ్యి పట్టుకున్ననా?"

రష్మి కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఫిల్మ్‌నగర్ మలుపు తిరిగి, కృష్ణానగర్ దిగువకి వచ్చేదాకా మహాలక్ష్మి తన కుడిచెయ్యి వంకే చూసుకుంటూ కూర్చుంది. పట్టుకోలేదు అతను. ఎవరూ పట్టుకోలేదు.

గది తలుపు తీసి ఉంది. కౌసల్య గోడకి ఆనుకుని ఎదురుచూస్తోంది.

"చెప్పినవా?"

"చెప్పాను."

"రాసుకున్నరా?"

"పెద్ద కాగితం మీద రాశారు. అందరి ముందూ గోడకి అంటించారు."

"వస్తరంటనా మరి మన బస్తీకి?"

"ఇంటింటికీ వస్తామన్నారు."

ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ కలిపితే పచ్చి అబద్ధం. కౌసల్య మహాలక్ష్మి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. మహాలక్ష్మికి అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది. నిజం రేపు చెబుదాం, డయాలసిస్ అయ్యాక చెబుదాం, కాస్త కోలుకున్నాక చెబుదాం అనుకుంటూ రోజులు నెట్టింది. కౌసల్య కోలుకోలేదు. పైగా వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది, మన మాలక్ష్మి పెద్ద డాక్టర్ల ముందు మాట్లాడింది, వాళ్లొస్తరు, మనోళ్లకందరికి పరీక్షలు చేస్తరు అని. రష్మిని పిలిచి, "వాళ్లొచ్చిననాడు షూటింగ్ ఎగ్గొట్టన్న ఇంట్ల ఉండు బిడ్డా. ఏమున్నదో దాయకుండ చెప్పు," అని బతిమాలేది. రష్మి తల ఊపేది. ఆ మీటింగులో ఏం జరిగిందో ఆ పిల్ల కూడా చెప్పలేదు, మహాలక్ష్మక్క ముఖం చూసి ఊరుకుంది.

ఎండలు ముదిరాక వచ్చారు. మెడలో కార్డు వేసుకున్న సర్వే అమ్మాయి ఒకతె సందులోకి వచ్చిందని తెలియగానే కౌసల్య హడావుడి చేసింది. తల దువ్వించుకుంది, బొట్టు పెట్టించుకుంది. ఆసుపత్రి కాగితాలన్నీ సంచీలోంచి తీయించి పక్కన పెట్టుకుంది. అన్నీ మహాలక్ష్మే చేసింది. ఇప్పుడైనా చెప్పేద్దామనుకుంది. ఇంతలో ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చేసింది.

పేరడిగింది, వయసడిగింది, వేలు చాపమంది. కౌసల్య ఉబ్బిపోయిన వేలు చాపింది. సూదితో పొడిచి, చిన్న మిషన్లో రక్తపు చుక్క పెట్టి చూసింది.

"షుగర్ నార్మల్ ఉందమ్మా. మీకే ప్రాబ్లమ్ లేదు, హ్యాపీగా ఉండొచ్చు," అని పైకి లేచింది.

"అదేంది బిడ్డా, పోతున్నవ్? కిడ్నీలు సూడవా? ఇగో, కాగితాలన్ని తీసి పెట్టిన."

"మేము వచ్చింది షుగర్ కోసమమ్మా. కిడ్నీలది మా దాంట్లో లేదు."

"ఎట్ల లేదు? మీ పెద్ద డాక్టర్లు రాసుకున్నరు గద! గోడకు పెట్టిండ్రు!"

సర్వే అమ్మాయి పాపం ఓపిగ్గానే చెప్పింది. "చాలా అంశాలు పెట్టారంటమ్మా. జూబ్లీహిల్స్‌లో మీటింగ్ పెట్టి చేతులెత్తించారంట. మీ కృష్ణానగర్ ఆడవాళ్లే ఎక్కువ మంది వచ్చి షుగర్‌ని సెలెక్ట్ చేశారు. కిడ్నీలకి దాదాపు ఎవరూ ఎత్తలేదంట." పక్కింటి తలుపు కొట్టడానికి వెళ్లిపోయింది.

కౌసల్య ఆ కాగితాలు పక్కకి జరిపింది. తరువాత మహాలక్ష్మి వైపు తిరిగింది.

"నువ్వు లేపినవా చెయ్యి?"

ఇంకొక అబద్ధం చెప్పడానికి మహాలక్ష్మికి ఓపిక లేదు. "లేపలేదే."

"ఎందుకు?"

"ఓంప్రకాష్ లేపలేదు."

ఇంకెవరికైనా అయితే ఆ జవాబు అర్థమయ్యేది కాదు. కౌసల్య కూడా అదే గుంపులో ఆ చేతినే చూస్తూ బతికిన మనిషి. కళ్లు మూసుకుంది.

"జేబుల పెట్టుకున్నడా?"

"ఊఁ."

"నేనున్నా లేపకపోతుంటి తియ్," అంది కౌసల్య.

తిట్టి ఉంటే బాగుండేది. చెంప పగలగొట్టి ఉంటే ఇంకా బాగుండేది. మహాలక్ష్మి మంచం కోడు పట్టుకుని కింద కూలబడిపోయింది. సినిమాల్లో అన్నిసార్లు ఏడ్చిన మనిషికి ఒక్క చుక్క కన్నీరు రాలేదు.

"ఒక్కరన్న లేపలేదా, మనోళ్లల్ల?" అని అడిగింది కౌసల్య కళ్లు తెరవకుండానే.

"రష్మి లేపింది. నా వైపు చూసి, నేను ఎత్తలేదని దించేసింది."

పక్కగదిలో రష్మి ఉంది. కౌసల్య మాట విని ఆ రోజు షూటింగ్ మానేసింది. సర్వే అమ్మాయి అక్కడ "మీకు కూడా నార్మలే" అని చెప్పడం గోడ ఇవతలికి స్పష్టంగా వినబడింది. కౌసల్య ముఖం గోడవైపు తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. జబ్బు పడ్డాక ఆవిడ ఏడవడం మహాలక్ష్మి చూడటం అదే మొదటిసారి.